నిలువ నీడ లేని సోదరి – మన బాధ్యత



ఈ పుటలో మామూలుగా షుగరు, బి.పి., గర్భిణీ స్త్రీల ఆహారం వంటి విషయాలు చెప్పుకుంటాము. ఈసారి ఇల్లు లేని స్త్రీల గురించి, వారిని ఆదరించే ఆశ్రయ గృహాల గురించి నేర్చుకుందాము. ఇది ఆరోగ్య పాఠం ఎలా అవుతుందని కొందరు అడగవచ్చు. మందులతో జ్వరం తగ్గుతుంది. కట్టు కడితే గాయం మానుతుంది. కానీ డిశ్చార్జి రోజున "ఎక్కడికి పోతావమ్మా?" అని అడిగితే కొందరు స్త్రీల దగ్గర జవాబు ఉండదు. అలాంటి ఆమెను గేటు దాటించి పంపితే పదిహేను రోజుల్లో అదే గాయంతో తిరిగి వస్తుంది, లేదా అసలు రాదు. కాబట్టి ఉండడానికి చోటు కూడా వైద్యంలో ఒక భాగమే.

1. వీరు ఎవరు?

ప్రొద్దుటూరు బస్టాండులో, జమ్మలమడుగు సంతలో, పులివెందుల దారుల్లో మాసిన చీరతో మూట పట్టుకొని కూర్చున్న స్త్రీని చూడగానే "పిచ్చిది" అనో, "అడుక్కునేది" అనో అనుకొని దాటిపోతాము. ఆమె పుట్టుకతోనే రోడ్డు మీద లేదు. ఒకప్పుడు ఆమెకూ ఇల్లు, పొయ్యి, పిలిచే పేరు ఉన్నాయి. నర్సులుగా మేము ఎక్కువగా చూసేది వీరిని:

– భర్త చనిపోయాక అత్తింటివారు వద్దన్నవారు, పుట్టింట్లో అన్నదమ్ములు బరువు అనుకున్నవారు.
– తాగుడు, దెబ్బలు భరించలేక రాత్రికి రాత్రి బిడ్డను చంకనేసుకొని బయటికి వచ్చినవారు.
– మూర్ఛ, కుష్ఠు, హెచ్.ఐ.వి., మనసు జబ్బు ఉందని తెలిసి వెళ్లగొట్టబడినవారు.
– ఆసుపత్రికి తెచ్చి "టీ తాగి వస్తాము" అని చెప్పి వెళ్లిపోయిన బిడ్డల కోసం వాకిలి వైపు చూస్తున్న ముసలి తల్లులు.
– పెండ్లి కాకుండా గర్భవతి అయిన ఆడపిల్లలు.
– ఇండ్లలో పనికి కువైటు పోయి, ఉన్నదంతా ఇంటికి పంపి, తిరిగి వచ్చేసరికి తమకు చోటు లేదని తెలుసుకున్నవారు.
– ఎక్కడో రైలెక్కి, ఎక్కడో దిగి, మన భాష రాక దిక్కు తెలియక తిరుగుతున్నవారు.

వీరిలో మన సంఘాల ఆడబిడ్డలు కూడా ఉంటారు. ఆదివారం మన పక్కన కూర్చొని పాటలు పాడిన సోదరి నెల రోజులుగా కనిపించకపోతే "ఏమైందో" అని ఎందరం అడిగాము?

2. లేఖనాలు మనకు చూపేది

ఆదికాండములో హాగరు సంగతి మనకు తెలుసు. రొట్టె, నీళ్ల తిత్తి ఇచ్చి బిడ్డతో సహా పంపివేయబడిన స్త్రీ ఆమె. నీళ్లు అయిపోయాక పిల్లవాడు చనిపోవడం చూడలేక దూరంగా కూర్చొని ఏడ్చింది. దేవుడు ఆమెను పేరు పెట్టి పిలిచాడు. తరువాత ఆమె కన్నులకు నీళ్ల బావి కనిపించింది. మొదట పేరు, తరువాత నీళ్లు. వార్డులో మేము ఈ వరుసనే పాటించాలని చూస్తాము. "ఏయ్, నిన్నే" అనకుండా "నీ పేరేంటమ్మా?" అని అడిగాక చేతికి గ్లాసు ఇస్తాము.

రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయంలో అప్పులవాడు తన కొడుకులను తీసుకుపోతాడని ఏడ్చిన విధవరాలు ఉంది. నీ ఇంట్లో ఏముంది అని ఎలీషా ఆమెను అడిగాడు. ఉన్నది కొంచెం నూనె. పొరుగువారు పాత్రలు ఇచ్చారు. ఆమె నూనె అమ్మి అప్పు తీర్చింది, మిగిలిన దానితో బిడ్డలను పోషించుకుంది. ఈ కథలో ఆశ్రయ గృహానికి కావలసిన పాఠమంతా ఉంది. ఆమె దగ్గర ఉన్నది ఏమిటో అడగాలి, పొరుగువారు తోడు రావాలి, చివరకు ఆమె సొంత చేతులతో బ్రతకాలి.

3. పండిత రమాబాయి – ముక్తి సదనం

మన దేశంలో విశ్వాసంతో నడిచిన ఆశ్రయ గృహాల్లో పేరు పొందినది మహారాష్ట్రలో పూణె దగ్గర కేడ్‌గావ్‌లోని ముక్తి మిషన్. దానిని స్థాపించిన పండిత రమాబాయి 1858లో జన్మించారు. తండ్రి సంస్కృత పండితుడు. కుటుంబమంతా పుణ్యక్షేత్రాలు తిరుగుతూ మన తిరుపతి దాకా వచ్చింది. 1870ల కరువు కాలంలో ఆకలితోనే ఆమె తల్లిదండ్రులు కన్నుమూశారు. అన్నతో కలిసి ఆమె దేశమంతా కాలినడకన తిరిగారు. 1882లో భర్త చనిపోయేనాటికి ఒడిలో పసిబిడ్డ. నిలువ నీడ లేకపోవడం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

1883లో ఇంగ్లండులో ఆమె బాప్తిస్మము పొందారు. 1889 మార్చిలో బొంబాయిలో విధవరాండ్ర కోసం శారదా సదనం తెరిచారు. మరుసటి సంవత్సరం అది పూణెకు మారింది. 1896–97 కరువులో ఆమె మధ్య పరగణాలకు వెళ్లి, ఆకలితో చావుకు దగ్గరైన సుమారు 300 మంది స్త్రీలను, ఆడపిల్లలను వెంటబెట్టుకొని వచ్చారు. పూణెలో ప్లేగు భయం ఉన్నందున వారిని కేడ్‌గావ్ పొలంలో ఉంచారు. ఆ పొలమే ముక్తి సదనం అయింది. 1900 నాటికి అక్కడ 1,500 మందికి పైగా ఉన్నారు.

అంతమందిని ఆమె ఊరికే కూర్చోబెట్టి పోషించలేదు. బావులు తవ్వించారు, పండ్ల తోట వేశారు, పశువులను పెంచారు. నేత, కుట్టు, నూనె గానుగ, అచ్చు పని వంటివి నేర్పించారు. అందరినీ ఒకే గదిలో కుక్కలేదు. మోసపోయిన స్త్రీలకు కృపా సదనం, వృద్ధులకు ప్రీతి సదనం, చూపు లేనివారికి వేరే ఇల్లు ఏర్పాటు చేశారు. ఒకరి అవసరం ఇంకొకరి అవసరం కాదని 120 ఏళ్ల క్రితమే ఆమె గ్రహించారు. రమాబాయి 1922లో ప్రభువు నందు నిద్రించారు. ముక్తి మిషన్ నేటికీ పని చేస్తున్నది.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. 1893లో మతం మారుస్తున్నారన్న ఆరోపణతో చాలా కుటుంబాలు తమ ఆడపిల్లలను శారదా సదనం నుండి తీసుకుపోయాయి. ఈ అనుమానం ఈనాటికీ ఉంటుంది. మా మాట స్పష్టం. ఆశ్రయానికి వచ్చిన స్త్రీ ముందు అన్నం పెట్టి, బదులుగా విశ్వాసం అడగకూడదు. ఆమె హిందువు కావచ్చు, ముస్లిము కావచ్చు, ఏ మతమూ కాకపోవచ్చు. గాయపడినవానికి కట్టు కట్టిన మంచి సమరయుడు నీది ఏ కులము, ఏ దేవుడు అని అడగలేదు. ప్రేమ చూసి ఆమె మనలను ఏమైనా అడిగితే, అప్పుడు చెప్పుదాము.

మన తెలుగు దేశంలో కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన మార్గం వేరు, ఆయన చూసిన బాధ అదే. మన జిల్లాలోనూ లండన్ మిషనరీ సొసైటీ వారు జమ్మలమడుగులో ఆసుపత్రి నడిపిన కాలం నుండి, దిక్కులేని రోగికి మిషను ఆసుపత్రి గుమ్మం తెరిచి ఉంటుందని పెద్దలు నమ్మారు. ఆ నమ్మకాన్ని కాపాడడం మన పని.

4. మొదటి వారం – ఏమి చేయాలి?

రోడ్డు మీద నుండి వచ్చిన స్త్రీని ఆదరించేటప్పుడు మంచి మనసు ఒక్కటే చాలదు, తెలివిడి కూడా కావాలి.

అన్నం: జాలితో ఆకు నిండా వడ్డించకండి. ఐదు రోజులకు పైగా సరిగా తినని మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. 1945లో యుద్ధం ముగిసి చెరసాలల నుండి విడుదలైన వారిలో ఇలాంటి మరణాలు చూశారు. బాగా చిక్కిపోయిన వారిని ముందు ఆసుపత్రికి తేవాలి. రక్తపరీక్ష చేసి, బి1 విటమిను ఇచ్చి, పలుచని గంజి, మజ్జిగ, మెత్తని అన్నం కొంచెం కొంచెంగా మొదలుపెట్టి, కొన్ని రోజుల మీద మామూలు భోజనానికి తెస్తాము.

స్నానం, పేలు, గజ్జి: జుట్టు చూసి వెంటనే గుండు చేయించకండి. జుట్టు ఆమెది. అడగండి, ఒప్పుకుంటే కత్తిరించండి. పేలకు మందు, పేల దువ్వెన ఉన్నాయి. గజ్జికి పర్మెత్రిన్ మందును మెడ నుండి అరికాళ్ల దాకా రాత్రి పూసి ఉదయం కడగాలి, వారం తరువాత మళ్లీ పూయాలి. ఆ గదిలో పడుకునే అందరికీ ఒకే రోజు పూయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి.

పుండ్లు: పురుగులు పడిన పుండును చూసి అసహ్యించుకోవద్దు. ఇంట్లో ఏవేవో పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ధనుర్వాతం ఇంజెక్షను అవసరమా అని డాక్టరు చూస్తారు.

పరీక్షలు: హిమోగ్లోబిన్, షుగరు, బి.పి., బిడ్డలు కనే వయసు వారికి గర్భ పరీక్ష తప్పనిసరిగా చూడాలి. గర్భం లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. రెండు వారాలకు పైగా దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించాలి. టి.బి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆహారం కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు చేశారు. హెచ్.ఐ.వి. పరీక్షకు ఆమె సమ్మతి తీసుకోవాలి, ఫలితం గుట్టుగా ఉంచాలి.

అత్యాచారం జరిగి ఉంటే: ఆమెను పదిమంది ముందు ప్రశ్నించకండి. ఒక స్త్రీ, ఒక గది, తలుపు మూసి, ఆమె చెప్పినంతే వినండి. ఇక్కడ కాలం ముఖ్యం. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపే మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా అత్యాచార బాధితురాలికి ఉచితంగా చికిత్స చేయాలని చట్టం చెబుతుంది. ఆమెను అవమానపరిచే రెండు వేళ్ల పరీక్ష చేయరాదని సుప్రీంకోర్టు 2022లో మరొకసారి గట్టిగా చెప్పింది.

5. మనసుకు జబ్బు చేస్తే

తనలో తాను మాట్లాడుకోవడం, లేని గొంతులు వినిపించడం, ఎవరో చంపుతారని భయపడడం దయ్యం పని కాదు, గాలి సోకడం కాదు. ఇది మెదడుకు వచ్చే జబ్బు, షుగరు లాగే మందులు ఉన్న జబ్బు. ప్రార్థన చేయండి. కానీ గొలుసులతో కట్టడం, ఉపవాసం పేరుతో ఆకలికి ఉంచడం, కొట్టి దయ్యాన్ని వెళ్లగొడతామనడం మహా పాపం. మందు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఓపిక పట్టాలి. నయమైందని మధ్యలో ఆపితే జబ్బు తిరిగి వస్తుంది. ఇలా తిరిగి వచ్చినప్పుడే చాలామంది స్త్రీలు మళ్లీ రోడ్డున పడతారు.

మద్రాసులో 1993లో ఇద్దరు యువతులు, వందనా గోపికుమార్, వైష్ణవి జయకుమార్, వీధిలో తిరిగే మనోరోగులైన స్త్రీల కోసం ది బనియన్ అనే సంస్థను ఆరంభించారు. అలాంటి సంస్థల అనుభవం ఒకటే చెబుతుంది. మందు, భోజనం, గౌరవం దొరికితే ఎన్నో ఏళ్లు ఊరు పేరు చెప్పలేనివారు కూడా ఒక రోజు తమ ఊరి పేరు చెబుతారు.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇలా తిరిగే వ్యక్తిని కాపాడే బాధ్యత ఆ ప్రాంత పోలీసు అధికారిది. 24 గంటలలోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్పులో ఉంచరాదు. ఆమె బంధువులను వెదికించే పని కూడా పోలీసులదే. మనసు బాధల గురించి సలహాకు టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

6. కాగితాలు, హక్కులు

బ్రతుకు తిరిగి కట్టడానికి ఇటుకల వంటివి కాగితాలు. ఆధారు లేనిదే బియ్యం కార్డు లేదు, బ్యాంకు ఖాతా లేదు, పెన్షను లేదు. ఆశ్రయ గృహం మొదటి నెలలోనే ఈ పని మొదలుపెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో అర్హులైన వితంతువులకు, ఒంటరి మహిళలకు, వృద్ధులకు పెన్షను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు అయింది. ఇది భిక్ష కాదు, ఆమె పేరున ఉన్న హక్కు. ఆ డబ్బు ఆమె చేతికే రావాలి, బంధువుల జేబులోకి కాదు.

గృహ హింస నుండి స్త్రీలను కాపాడే 2005 చట్టం ప్రకారం, ఇల్లు భర్త పేరున ఉన్నా అత్తమామల పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉంది. ఊరికే బయటికి నెట్టడానికి వీలు లేదు. వృద్ధులైన తల్లిదండ్రులను విడిచిపెట్టిన బిడ్డలకు 2007 చట్టం కింద మూడు నెలల దాకా జైలు పడవచ్చు. క్రైస్తవ కుటుంబాలు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. మనకు వర్తించే భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా భర్త చనిపోతే, బిడ్డలు ఉన్న విధవరాలికి ఆస్తిలో మూడవ వంతు వస్తుంది. మిగిలినది కొడుకులకు, కూతుళ్లకు సమానం. కూతురికి పెండ్లి చేశాము కదా అంటే చట్టం ఒప్పుకోదు.

కోర్టు ఖర్చులకు భయపడవద్దు. స్త్రీకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. దాని నంబరు 15100. ఆపదలో ఉన్న స్త్రీకి సహాయం కోసం 181, పోలీసులకు 112. వన్ స్టాప్ సెంటరు, అంటే సఖి కేంద్రంలో, వైద్యం, పోలీసు, న్యాయ సలహా, కొద్ది రోజుల బస ఒకే చోట ఏర్పాటు చేస్తారు. ఎక్కువ కాలం ఉండవలసిన వారికి ఒకప్పటి స్వధార్ గృహాలే 2022 నుండి శక్తి సదన్‌లు అయినాయి.

7. పని, పొదుపు, గౌరవం

ఆశ్రయంలో ఉన్న స్త్రీ చేత జీతం లేకుండా వంట, ఊడ్పు చేయించి "నేర్పుతున్నాము" అనడం సరికాదు. ఆమెకు వచ్చిన పని ముందు అడగండి. మన ప్రాంతంలో మగ్గం పని తెలిసినవారు ఉన్నారు, మిషను కుట్టేవారు ఉన్నారు, సంగటి, చట్నీపొడి, జొన్నరొట్టె చేతివాటంతో చేసేవారు ఉన్నారు. ప్రొద్దుటూరు బట్టల వ్యాపారంలో కుట్టుపనికి గిరాకీ ఉంది. పులివెందుల వైపు బుడ్డలు వొలిచే పని, అరటి, చీనీ తోటల పని తెలిసినవారు ఉంటారు. చదువుకున్న వారికి ఆసుపత్రిలో ఆయా పని, రోగులను చూసుకునే పని నేర్పవచ్చు. సంపాదించిన మొదటి రూపాయి నుండి సొంత ఖాతాలో పొదుపు చేయించాలి. నెమ్మదిగా డ్వాక్రా సంఘంలో చేర్పించాలి.

ఇంటికి తిరిగి పంపడం మంచిదే, కానీ తొందర వద్దు. ఆమెను అడగకుండా ఏ బంధువుకూ అప్పగించవద్దు. దెబ్బలు తిని వచ్చిన ఇంటికే "సర్దుకుపో తల్లీ" అని పంపితే ఆ పాపం మన మీద ఉంటుంది. పంపిన తరువాత నెలనెలా ఎవరైనా వెళ్లి చూడాలి. మందులు వేసుకుంటున్నదా, తింటున్నదా, ముఖంలో నవ్వు ఉన్నదా అని చూడాలి.

8. సంఘ కుటుంబాలు చేయవలసినవి

– దారిలో ఇలాంటి స్త్రీ కనిపిస్తే నీళ్లు ఇచ్చి, పేరు అడిగి, 181కి గాని 112కి గాని ఫోను చేయండి. ఎవరైనా వచ్చేదాకా ఒక స్త్రీ ఆమె పక్కన ఉండాలి.
– ఆమె ఫొటో తీసి నలుగురికీ పంపకండి. తప్పించుకొని వచ్చినవారి జాడ కొట్టినవారికే తెలిసిపోతుంది.
– పాత చిరిగిన బట్టలు కాదు, కొత్త లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, సబ్బు, దువ్వెన, చెప్పులు ఇవ్వండి.
– స్త్రీల సమాజము నెలకు ఒకసారి ఆశ్రయ గృహానికి వెళ్లి ఉపన్యాసం చెప్పడం కాకుండా వారితో కూర్చొని భోంచేయండి.
– ఉత్సాహంతో ఏదో ఒక గదిలో ఆశ్రయం తెరవకండి. స్త్రీలను, పిల్లలను ఉంచే సంస్థలకు 1956 చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. రిజిస్టరు, రాత్రి కాపలా స్త్రీ, డాక్టరు రాక, లెక్కలు అన్నీ ఉండాలి. మంచి పేరుతో మొదలై చెడ్డపేరుతో మూతపడితే నష్టపోయేది ఆ స్త్రీలే.
– అన్నిటికంటే ముందు, మన ఇంట్లో నుండి ఎవరూ బయటికి పోకుండా చూసుకోండి. విధవరాలైన వదిన, మతి తప్పిన చెల్లెలు, మంచం పట్టిన అత్త మన గుమ్మం దాటకపోతే ఆశ్రయ గృహంలో ఒక మంచం తక్కువైనా చాలు.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు ప్రశ్నలు

1. హాగరును పంపివేసిన ఇల్లు భక్తిగల ఇల్లే. భక్తిగల ఇండ్లలో ఇలాంటివి ఎందుకు జరుగుతాయి?
2. ఎలీషా విధవరాలికి డబ్బు ఇవ్వకుండా ఇంట్లో ఏముందని ఎందుకు అడిగాడు?
3. మన బంధువులలో, మన వీధిలో ఈ రోజు నిలువ నీడ పోయే ప్రమాదంలో ఉన్న స్త్రీ ఎవరు? ఈ వారం ఆమె కోసం మనం చేయగల ఒక పని ఏమిటి?

ప్రార్థన: దయగల ప్రభువా, తల వాల్చుటకు చోటు లేక నీవును తిరిగితివి. ఈ రాత్రి బస్టాండులో, స్టేషనులో, చెట్టు కింద పడుకున్న మా సోదరీలను కాపాడుము. వారిని పేరు పెట్టి పిలిచే మనసు మాకిమ్ము. మా ఇండ్ల తలుపులు, మా వార్డుల తలుపులు వారికి మూసివేయకుండా మమ్మును ఉంచుము. ఆమేన్.

మీ వీధిలోని ఏ సోదరి గురించైనా సలహా కావాలంటే ఓ.పి. వేళల్లో నర్సుల గదికి రండి. మాకు తెలిసినంత చెబుతాము, అవసరమైన చోటికి మీతో కూడా వస్తాము.